ఆ ‘హెచ్’ ఎక్కడి నుంచి తెచ్చారు?

సంపాదకులు గారికి,

ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే జిల్లా పేజీల్లో ఇంజనీరింగ్ కాలేజీల ఎగ్జిబిషన్ వార్తలు వరసపెట్టి వస్తాయి. వాటిలో ఈమధ్య కంపోజిట్ల (ఫైబర్‌ను ప్లాస్టిక్ రెజిన్‌తో కలిపి చేసే పదార్థాల) మాట బాగా వినిపిస్తోంది. రోబో చెయ్యి కార్బన్ టేపును కరిగిస్తూ పొర మీద పొర అంటిస్తున్నట్టు తెర మీద ఎరుపు, పసుపు, నీలం బొమ్మ. పక్కన విద్యార్థులు, హెచ్.ఓ.డి. గారు. పిల్లల ఉత్సాహాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆ బొమ్మ ముందు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. వేడిగాలి నుంచి టేపులోకి వేడి ఎంత జోరుగా దిగుతుందో చెప్పే అంకె, పుస్తకాల్లో ‘హెచ్’ అని రాసేది, ఎక్కడి నుంచి తెచ్చారు? కొలిచారా, ఏదో పేపర్లోంచి ఎత్తుకొచ్చారా, లేక జవాబు 380 డిగ్రీలు వచ్చేదాకా సర్దుకుంటూ పోయారా? ఈ ఉత్తరం దాని గురించే.

విషయం కొత్తవారికి రెండు మాటలు. ఆటోనగర్‌లో బస్సు బాడీలకు వేసే ఫైబర్ ప్యానెళ్లు గ్లాస్ మ్యాట్ మీద పాలియెస్టర్ రెజిన్ పూసి, హార్డెనర్ కలిపి చేస్తారు. గట్టిపడ్డాక వాటిని మళ్లీ ఎంత వేడి చేసినా మాడతాయే తప్ప కరగవు. థర్మోప్లాస్టిక్ కంపోజిట్‌లో రెజిన్ వేడికి కరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, మళ్లీ కరుగుతుంది. అందుకే రెజిన్ ముందే ఎక్కించిన టేపును కరిగించి, రోలర్‌తో నొక్కి, అక్కడికక్కడే అతికించవచ్చు. ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో వేడి చేసే పెద్ద ఓవెన్‌లో, గంటల తరబడి ఉడికించే పని తప్పించాలన్నదే దీని ఆశ. యూరప్‌లో క్లీన్ స్కై 2 కార్యక్రమం కింద 8 మీటర్ల పొడవు, సుమారు 4 మీటర్ల వ్యాసం ఉన్న విమాన దేహపు నమూనాను థర్మోప్లాస్టిక్‌తో చేశారు. దాని పై సగానికి చర్మాన్ని జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో డీఎల్ఆర్ (జర్మనీ అంతరిక్ష, వైమానిక పరిశోధన కేంద్రం) వాళ్లు లేజర్‌తో టేపు పరిచి, ఆటోక్లేవ్ లేకుండానే తయారు చేశారు. అంటే జరిగే పనే. కాకపోతే వేడి లెక్క తేలకుండా జరగదు.

టేపు, కింది పొర, రోలరు మూడూ కలిసే గీతను నిప్ అంటారు. కార్బన్ ఫైబర్‌కు పీక్ అనే ఎక్కువ వేడి తట్టుకునే థర్మోప్లాస్టిక్ రెజిన్ ఎక్కించిన కార్బన్-పీక్ టేపు మందం సుమారు 0.15 మి.మీ. పీక్ 343 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నిప్ దగ్గర 380 నుంచి 400 దాకా ఉండాలని చూస్తారు. 500 దాటితే రెజిన్ చెడిపోవడం మొదలవుతుంది. సెకనుకు 100 మి.మీ. వేగంతో టేపు పోతుంటే, వేడి తగిలే 40 మి.మీ. మేరను దాటడానికి పట్టేది 0.4 సెకను. రోలరు కింద ఉండేది అందులో సగం కూడా ఉండదు. ఆ కాస్త సేపట్లోనే రెండు ఉపరితలాలూ కరగాలి, గరుకులు నలిగి పూర్తిగా ఆనాలి, పాలిమర్ గొలుసులు అటూ ఇటూ చొచ్చుకుపోవాలి, రోలరు వదిలేలోపు మళ్లీ గట్టిపడాలి. రోలరు వదిలాక కూడా కరిగే ఉంటే లోపల నొక్కుకుపోయిన గాలి ఉబ్బుతుంది, పొరల మధ్య ఖాళీలు మిగులుతాయి.

ఈ లెక్కకు పెద్ద సాఫ్ట్‌వేర్ కావాలని విద్యార్థులకు ఎవరు నూరిపోశారో తెలియదు. కార్బన్-పీక్‌కు మందం దిశలో ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి సుమారు 0.6 వాట్లు, ఫైబర్ పొడవునా 5 వాట్ల చిల్లర. సాంద్రత ఘనమీటరుకు 1580 కిలోలు. విశిష్టోష్ణం గది వేడిమి దగ్గర కిలోకు డిగ్రీకి 900 జౌళ్ల దరిదాపుల్లో మొదలై, కరిగే చోటికి 1600 దాటుతుంది. సగటున 1300 పట్టుకుంటే మందం దిశలో వేడి పాకే రేటు సెకనుకు 0.29 చదరపు మి.మీ. ఒక టేపు మందాన్ని వేడి దాటడానికి 0.08 సెకను చాలు. అదే ఫైబర్ పొడవునా చూస్తే, వేడి పాకే లోపల టేపే ముందుకు వెళ్లిపోతుంది. పెక్లే సంఖ్య (వేడి పాకే జోరుకు టేపు కదిలే జోరు ఎన్ని రెట్లో చెప్పే అంకె) లెక్క కడితే 1600 పైనే వస్తుంది. కాబట్టి పొడవు దిశలో పాకే వేడిని నిశ్చింతగా వదిలేసి, మందం దిశ ఒక్కటే పట్టుకుంటే సరిపోతుంది. 1822లో ఫోరియర్ పుస్తకంలో వచ్చిన సమీకరణమే, ఒక దిశలో. టేపు అంచుల దగ్గర మాత్రం ఇది కాస్త తప్పుతుంది. అడ్డంగా ఫైబర్లున్న పొర మీద టేపు వేస్తే ఒక్కో పక్కకు సుమారు 1 మి.మీ. మేర వేడి జారిపోతుంది. 25 మి.మీ. టేపుకు అది లెక్కలోది కాదు గానీ 6.35 మి.మీ. టేపుకు పట్టించుకోవాల్సిందే.

మందాన్ని 0.01 మి.మీ. గళ్లుగా కోసి, పైథాన్‌లో నలభై లైన్లు రాస్తే మామూలు ల్యాప్‌టాప్ మీద సెకన్లలో జవాబు వస్తుంది. ఇక్కడ అందరూ తడబడేది టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే సమయం) దగ్గర. ఇప్పటి ఉష్ణోగ్రతల నుంచే తర్వాతి క్షణానివి నేరుగా కట్టే ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో ఆ గళ్లకు స్టెప్ 0.00017 సెకను మించకూడదు. 0.001 అని ఇస్తే పదిపదిహేను స్టెప్పుల్లోనే ఉష్ణోగ్రత మైనస్ లక్షల్లోకి దూకుతుంది. అది చూసి ‘సాఫ్ట్‌వేర్‌లోనే చెయ్యాలి’ అని తీర్మానించేస్తారు. గళ్లు సగం చేస్తే స్టెప్ పావు చెయ్యాలి, అంతే.

కరగడానికి పట్టే గుప్తోష్ణం ఎందుకు వదిలేశావని వైవాలో కొందరు నిలదీస్తారు. లెక్క వేసి చూడండి. పూర్తిగా స్ఫటికమైన పీక్‌కు గ్రాముకు 130 జౌళ్లు. టేపులో రెజిన్ బరువులో మూడో వంతు, అందులో స్ఫటికం మళ్లీ మూడో వంతు. గ్రాము టేపుకు వచ్చేది 15 జౌళ్లు. అదే టేపును 350 డిగ్రీలు వేడెక్కించడానికి పట్టేది 455. నూటికి మూడు. వదిలేసినా కొంప మునగదు. కొంప మునిగేది ‘హెచ్’ దగ్గరే.

హాట్ గ్యాస్ టార్చ్‌తో చేసే పనికి ప్రచురితమైన పేపర్లలోనే ఈ విలువ వంద వాట్ల లోపు నుంచి రెండు వేల పైదాకా కనిపిస్తుంది. చదరపు మీటరుకు, డిగ్రీకి. అంత తేడా ఎందుకంటే అది పదార్థపు గుణం కాదు, ఆ అమరిక గుణం. నాజిల్ ఎంత దూరంలో ఉంది, ఏ వాలులో ఉంది, నిమిషానికి ఎన్ని లీటర్ల గ్యాస్ పోతోంది అన్న వాటిని బట్టి మారుతుంది. జెట్ నేరుగా తగిలే చోట గరిష్ఠంగా ఉండి, అక్కడి నుంచి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే బాగా పడిపోతుంది. నిప్ మూలలో గ్యాస్ సరిగ్గా దూరనే దూరదు. వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి. నాజిల్ మూతి దగ్గర 900 డిగ్రీలున్న నైట్రోజన్ బయటి గాలితో కలిసి టేపును తాకేసరికి చాలా చల్లబడుతుంది. ఒకరు మూతి దగ్గరి ఉష్ణోగ్రతతో ‘హెచ్’ కడతారు, ఇంకొకరు టేపు దగ్గరి దానితో కడతారు. ఇద్దరివీ సరైన అంకెలే. ఒకరి అంకెను ఇంకొకరి ఉష్ణోగ్రతతో గుణిస్తే మాత్రం చెత్త వస్తుంది. మన దగ్గర జరుగుతున్నది సరిగ్గా ఇదే.

కొలవడం కష్టమా? కాదు. 1 మి.మీ. మందం, 25 మి.మీ. చదరం రాగి రేకు తీసుకోండి. వెనక వైపు నడుమ కె-టైపు థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే వైరు జంట) అతికించి, వెనకంతా సెరామిక్ ఉన్నితో కప్పండి. అసలు పనిలో టేపు ఏ వాలులో ఉంటుందో అదే వాలులో ఒక బోర్డులో ఈ రేకును మట్టంగా బిగించండి. రోలరు కూడా తన చోట ఉండాలి. లేకపోతే గాలి దారి మారిపోయి కొలిచినది పనికిరాదు. గ్యాస్ ఉష్ణోగ్రతను రేకుకు 3 మి.మీ. ముందు, విడి థర్మోకపుల్‌తో చూడండి. హీట్ గన్‌ను ముందే ఆన్ చేసి నిలకడకు రానిచ్చి, మధ్యలో అడ్డు పెట్టి, ఒక్కసారిగా అడ్డు తీసెయ్యాలి. మొదటి మూడు సెకన్లలో ఉష్ణోగ్రత ఎక్కే వాలు చాలు.

ఆ రేకు చదరపు మీటరుకు, డిగ్రీకి 3430 జౌళ్లు దాచుకుంటుంది. గ్యాస్ 300 డిగ్రీలు, రేకు 30 డిగ్రీలు ఉన్నప్పుడు సెకనుకు 8 డిగ్రీల చొప్పున ఎక్కితే, 8ని 3430తో గుణించి 270తో భాగిస్తే 102 వస్తుంది. అదీ మీ ‘హెచ్’. రాగి వాహకత 400 దాకా ఉంటుంది కనుక రేకు లోపల తేడా ఉండదు, ఈ లెక్క చెల్లుతుంది. అదే ఉక్కు రేకో, అల్యూమినియం రేకో వాడితే దాని సాంద్రత, విశిష్టోష్ణం వేసుకోవాలి. రాగి అంకెలే ఉంచేసి జవాబు రాసిన రిపోర్టులు లేకపోలేదు. థర్మోకపుల్‌ను మామూలు సోల్డర్‌తో అతికిస్తే అది 183 డిగ్రీలకే కరుగుతుంది. మూడు సెకన్ల కొలతకు పరవాలేదు గానీ గన్ అలాగే వదిలేస్తే వైరు ఊడి వస్తుంది. ఆ రేకును 10 మి.మీ. చొప్పున జరుపుతూ ఐదారు చోట్ల కొలిస్తే ‘హెచ్’ ఎక్కడ ఎంతో తెలిసిపోతుంది. ఒక్క అంకెకు బదులు ఆ వరసను మోడల్లో పెట్టండి.

విద్యార్థులకు పీక్ టేపు, నైట్రోజన్ టార్చ్ అక్కర్లేదు. గ్లాస్-పాలీప్రొపిలీన్ టేపు చాలు, పాలీప్రొపిలీన్ 165 దగ్గర కరుగుతుంది, నిప్‌లో 200 చూసుకుంటే చాలు. 0.25 మి.మీ. టేపును 160 డిగ్రీలు వేడెక్కించడానికి చదరపు మీటరుకు సుమారు 74 వేల జౌళ్లు కావాలి. పైన కొలిచిన హీట్ గన్ సగటున ఇచ్చేది సెకనుకు 19 వేలు. అంటే సుమారు 4 సెకన్లు. వేడి తగిలే మేర 40 మి.మీ. అయితే వేగం సెకనుకు 10 మి.మీ. మించకూడదు. ఈ నాలుగు ముక్కల లెక్క ముందే వేసుకుంటే, సెకనుకు 50 మి.మీ.తో లాగి ‘అతుక్కోవడం లేదు సార్, రోలర్ ఒత్తిడి పెంచుదాం’ అనే మాట రాదు. కరగని టేపును ఎంత నొక్కినా ఏం లాభం?

లేజర్‌తో పని అయితే ‘హెచ్’ స్థానంలో శోషణ వస్తుంది. కార్బన్ టేపు దగ్గరి పరారుణ కాంతిని నేరుగా తగిలినప్పుడు బాగా పీల్చుకుంటుంది. వాలుగా తగిలినకొద్దీ ఎక్కువ తిప్పికొడుతుంది. తిప్పికొట్టినది ఎదుటి ఉపరితలం మీద పడి మళ్లీ కొంత పీల్చబడుతుంది. ఒక్క ఉపరితలం లెక్క వేసి రెండో దాన్ని మరిచిపోతే అంకెలు కలవవు. గ్లాస్ టేపు అయితే ఈ కాంతి లోపలి నుంచి దాటి పోతుంది. నల్ల రంగు కలిపిన టేపు కావాలి.

మోడల్ సరిపోయిందని ఎప్పుడు అనాలి? గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటి కలిస్తే చాలదు. ‘హెచ్’ మార్చి, పొరల మధ్య కాంటాక్ట్ రెసిస్టెన్స్‌ను (పొరలు సరిగ్గా ఆననందువల్ల వేడికి ఎదురయ్యే అడ్డును) దానికి తగ్గట్టు సర్దితే అదే గరిష్ఠం వస్తుంది. ఎక్కే వాలు, దిగే వాలు, ఒక పొర కింద పెట్టిన రెండో థర్మోకపుల్, ఈ మూడూ కలవాలి. కొలిచే సాధనంలోనూ మోసం ఉంది. అర మిల్లీమీటరు బీడ్ ఉన్న మామూలు థర్మోకపుల్ టేపు కంటే మూడింతలు లావు. అది తన చుట్టూ ఒక గుంట చేసుకుని కూర్చుంటుంది, చూపేది ఆ గుంట ఉష్ణోగ్రత. 0.08 మి.మీ. వైరు వాడాలి. లాగర్ (రీడింగులు నమోదు చేసే పరికరం) సెకనుకు ఒక్క రీడింగ్ తీసేదైతే సెకనుకు 100 మి.మీ. వేగంలో శిఖరం మొత్తం రెండు రీడింగుల మధ్య జారిపోతుంది. సెకనుకు కనీసం వంద తియ్యాలి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉందని మురిసిపోయేవారికి ఒక మాట: నిప్‌ను కెమెరా చూడలేదు, రోలరు అడ్డం. అది చూసేది నిప్‌కు కొన్ని మి.మీ. ముందరి చోటు, అదీ ఏటవాలుగా. ఏటవాలు పెరిగితే ఎమిసివిటీ (ఉపరితలం వేడిని కిరణాలుగా వెదజల్లే గుణం) తగ్గి ఉష్ణోగ్రత తక్కువ చూపుతుంది.

పైపులు, రింగులు చుట్టేవారికి ఇంకో సమస్య. 200 మి.మీ. వ్యాసం ఉన్న మాండ్రెల్ (టేపు చుట్టే గుండ్రటి అచ్చు) మీద సెకనుకు 100 మి.మీ.తో చుడితే ఒక చుట్టుకు 6.3 సెకన్లు. ఆ సమయంలో వేడి లోపలికి పాకేది 1.3 మి.మీ. పైచిలుకు, అంటే తొమ్మిది పొరలు. మొదట్లో మాండ్రెల్ చల్లని ఇనుము, వేడిని లాగేస్తుంది, మొదటి పొర అంటుకోనే అంటుకోదు. పొరలు పెరిగేకొద్దీ ఇనుము దూరమవుతుంది. ఇరవై పొరలు, అంటే 3 మి.మీ. చేరేసరికి వేడి కిందికి దిగడానికి ముప్పై సెకన్లు పడుతుంది, టార్చ్ మాత్రం ఆరు సెకన్లకోసారి తిరిగొస్తుంది. పవర్ అలాగే ఉంచితే పై పొరలు మాడతాయి, రోలరుకు అంటుకుని లేస్తాయి. చుట్టుకు చుట్టుకు మధ్య చల్లారే లెక్కలో రేడియేషన్ వదిలేయడం మరో పొరపాటు. నిప్ దగ్గర దాని ప్రభావం ఏమీ లేదు. కానీ 200 డిగ్రీల ఉపరితలం ఆరు సెకన్ల పాటు గాలిలో తిరిగేటప్పుడు, గాలికి పోయే వేడి కంటే రేడియేషన్‌గా పోయేదే కాస్త ఎక్కువ.

మన ఊరి ఎండ కూడా లెక్కలోదే. జనవరిలో 24 డిగ్రీల గదిలో పవర్ సెట్ చేసి, మే నెలలో 42 డిగ్రీల షెడ్డులో అదే పవర్‌తో నడిపితే, టేపూ కింది పొరా రెండూ 18 డిగ్రీలు ఎక్కువలో మొదలవుతాయి. నిప్ దగ్గరా దాదాపు అంతే తేడా. పీక్‌కు అది సర్దుకుపోతుంది గానీ పాలీప్రొపిలీన్‌కు ఉన్న ఇరుకు హద్దుల్లో 18 డిగ్రీలు చిన్న విషయం కాదు. నైలాన్ టేపులైతే కృష్ణ ఒడ్డు తేమను పీల్చుకుంటాయి, కరిగించిన క్షణంలో ఆ నీరు ఆవిరై బుడగలు కడుతుంది. వాడే ముందు వ్యాక్యూమ్ ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టాలి.

చివరగా, అతికినట్టు కనిపించే ముక్క నిజంగా బాగుందా? పీక్‌ను ఆటోక్లేవ్‌లో మెల్లగా చల్లారిస్తే మూడో వంతు దాకా స్ఫటికం కడుతుంది. టేపు పరిచే యంత్రంలో సెకనుకు వందల డిగ్రీల చొప్పున చల్లారి, నూటికి ఇరవై లోపే ఆగిపోవడం మామూలు. మాండ్రెల్‌ను 143 డిగ్రీల గాజు స్థితి హద్దు (గట్టి ప్లాస్టిక్ మెత్తబడడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కంటే పైన, 200 దరిదాపుల్లో వేడిగా ఉంచితే మెరుగవుతుంది. దీన్ని డీఎస్సీ (ముక్కను వేడి చేస్తూ అది పీల్చే, వదిలే వేడిని కొలిచే) యంత్రం మీద చూడవచ్చు, పది మిల్లీగ్రాముల ముక్క చాలు. గన్నవరం దగ్గర సూరంపల్లిలో కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ సంస్థ సిపెట్ ఉంది, ప్లాస్టిక్ పరీక్షలు వారి పనే. కాలేజీలు ఒక్కొక్కటీ సొంత యంత్రం కొనాల్సిన పని లేదు. ఫలితం చదివేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. వేడి చేస్తుండగా మధ్యలో కట్టే కొత్త స్ఫటికం తాలూకు వేడిని తీసెయ్యాలి. మిగిలినదాన్ని 130తోనే కాదు, రెజిన్ బరువు వాటాతో కూడా భాగించాలి. ఆ రెండోది మరిచిపోతే 30 శాతం ఉన్నది 10 శాతంగా తేలుతుంది.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లకు మా విన్నపం: రంగుల బొమ్మకు మార్కులు వెయ్యకముందు ‘హెచ్’ కొలిచిన గ్రాఫ్ చూపించమనండి. అది లేకపోతే కనీసం ‘హెచ్’ను సగం చేసి, రెట్టింపు చేసి నడిపిన రెండు జవాబులు చూపించమనండి. నిప్ ఉష్ణోగ్రత ఎంత ఊగుతుందో చూస్తే ఆ ప్రాజెక్టు ఎక్కడ నిలబడిందో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. ప్రిన్సిపాళ్లకు: సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు కట్టే డబ్బులో చిన్న ముక్క పక్కన పెడితే రాగి రేకు, సన్న థర్మోకపుల్ వైరు, వేగంగా రాసే లాగర్, హీట్ గన్, ఒక సిలికోన్ రోలరు వచ్చేస్తాయి. ల్యాబ్ రికార్డులో నాజిల్ దూరం, వాలు, గాలి ప్రవాహం, గ్యాస్ ఉష్ణోగ్రత ఎక్కడ కొలిచారు, ఆ రోజు గది వేడిమి ఎంత అన్న ఐదు గళ్లు అచ్చు వేయించండి. మీ విలేకరులకు కూడా ఒక మాట: ఈసారి ఎగ్జిబిషన్‌కు వెళ్లినప్పుడు స్క్రీన్‌తో పాటు అతికించిన ముక్క ఒకటి అడగండి, పొరల మధ్య గోరుతో లేపి చూడండి.

ఇట్లు,
కంపోజిట్స్ రంగంలో పనిచేస్తున్న కొందరు ఇంజనీర్లు,
విజయవాడ